సరిహద్దు బడి టీచర్లకు ఆన్‌లైన్ పాఠ్యసామగ్రి: వెతకడం, సరిచూడడం, తరగతిలో వాడడం

మహారాష్ట్రలోని సిరోంచలో మరాఠీ బడికి వెళ్లే ఎనిమిదో తరగతి తెలుగు పిల్లలకు "జీవులన్నీ కణాలతో తయారవుతాయి" అని చెప్పే తెలుగు వీడియో చూపించారనుకుందాం. పిల్లలకు చక్కగా అర్థమవుతుంది. కానీ వాళ్ల మరాఠీ పుస్తకంలో దాని పేరు 'పేశీ'. అదే పుస్తకంలో 'కణ్' అంటే పదార్థంలోని రేణువు. పరీక్షలో 'పేశీ' గురించి అడిగితే, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకు మాంసపేశి, అంటే కండరం తోస్తుంది. కండరానికి మరాఠీలో 'స్నాయూ' అంటారు. అదే 'స్నాయు' ఒడియాలో నరం. మన తెలుగు పుస్తకాల్లో స్నాయుబంధనమంటే కండరాన్ని ఎముకకు కలిపేది. ఇక తెలుగు కణం ఒడియాలో 'కోష' అవుతుంది.

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, మల్కన్‌గిరి వైపు గానీ, మహారాష్ట్రలో సిరోంచ, రాజురా, కిన్వట్, దెగ్లూరు వైపు గానీ పాఠాలు చెప్పేవాళ్లకు ఆన్‌లైన్‌లో తెలుగు సామగ్రి కొదవ లేదు. అందులో చాలావరకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పుస్తకాలను బట్టి తయారైంది. అది పిల్లల ఇంటి మాటకు దగ్గరగా ఉంటుంది గానీ వాళ్ల చేతిలో ఉన్న పుస్తకానికి, రాయబోయే పరీక్షకు దగ్గరగా ఉండదు. ఈ రెంటినీ కలపడమే అసలు పని. కింద చెప్పినవన్నీ అందుకోసమే.

వెతికే ముందు చీటీ రాసుకోండి

ఫోన్ తీయకముందు మీ రాష్ట్రపు పుస్తకం తెరవండి. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే: ముందు వీడియో నచ్చుతుంది, తర్వాత దానికి తగ్గ పాఠం కోసం చూస్తారు. చీటీలో ఇవి ఉండాలి: తరగతి, పాఠం, పేజీ సంఖ్య, పీరియడ్ చివరికి పిల్లలు చేయగలగాల్సిన ఒక్క పని, పాఠంలోని ముఖ్యమైన పదాలు. చేయగలగాల్సిన పని ఒక్కటే ఉండాలి. "భిన్నాలు నేర్చుకుంటారు" అని రాస్తే దేన్ని వెతకాలో తేలదు. "హారాలు వేరుగా ఉన్న రెండు భిన్నాల్లో ఏది పెద్దదో బొమ్మ గీసి చెబుతారు" అని రాస్తే సరైనది రెండు నిమిషాల్లో దొరుకుతుంది.

పదాలను మూడు గడుల్లో రాయండి: తెలుగు, బడి భాష, ఇంగ్లిషు. భిన్నాలనే తీసుకుంటే, తెలుగులో లవం, హారం అంటాం. ఒడియాలో కూడా దాదాపు అవే మాటలు: లవ, హర. మరాఠీలో మాత్రం అంశ్, ఛేద్. తెలుగు పిల్లలకు 'అంశం' అంటే విషయం కాబట్టి, ముందే చెప్పకపోతే తికమక పడతారు. ఇంకొకటి, తెలుగులో కిరణజన్య సంయోగక్రియ మరాఠీలో ప్రకాశసంశ్లేషణ్, ఒడియాలో ఆలోకశ్లేషణ.

ఈ గడులు నింపడానికి తేలికైన దారి వికీపీడియా. తెలుగు వికీపీడియాలో ఆ వ్యాసం తెరిచి, భాషల జాబితాలో మరాఠీనో ఒడియానో నొక్కితే అదే విషయం మీద ఆ భాషలో ఉన్న వ్యాసం వస్తుంది. దాని శీర్షికే మీకు కావలసిన పదం. తెలుగు వ్యాసం లేకపోతే ఇంగ్లిషు నుంచి వెళ్లండి. గూగుల్ లెన్స్‌తో ఫోన్ కెమెరాకు పుస్తకం పేజీని చూపించి తెలుగులోకి మార్చుకుని చదవొచ్చు. ఒడియా చదవడం ఇంకా పట్టుబడని కొత్త టీచర్లకు అది చాలా ఆసరా. అయితే శాస్త్ర పదాల్లో అది తరచూ తప్పుతుంది, వాడుక మాటను తెచ్చి పెట్టేస్తుంది. పదం విషయంలో చివరి మాట మాత్రం మీ రాష్ట్రపు పాఠ్యపుస్తకానిదే.

ఏ మాటతో వెతకాలి

తెలుగులో టైపు చేయండి. 'సెల్ లెసన్ ఇన్ తెలుగు' అని ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే వచ్చేవి ఎక్కువగా పోటీ పరీక్షల కోచింగ్ వీడియోలు. 'కణం నిర్మాణం 8వ తరగతి' అని తెలుగులో కొడితే బడి పాఠాలు పైకొస్తాయి. ఫోన్ కీబోర్డులో తెలుగు చేర్చుకుంటే ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టినా తెలుగులోకి మారుతుంది. మైకు గుర్తు నొక్కి చెప్పినా సరిపోతుంది. కలిపి, విడదీసి రెండు రకాలుగానూ వెతకండి: 'సంయోగక్రియ', 'సంయోగ క్రియ'. వీటికి వచ్చే ఫలితాలు వేరు.

పీడీఎఫ్‌లే కావాలంటే వెతికే మాట పక్కన ఇంగ్లిషు అక్షరాల్లో ఫైల్‌టైప్ అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా పీడీఎఫ్ అని చేర్చండి. ఒకే వెబ్‌సైటులో వెతకాలంటే సైట్ అని కొట్టి, కోలన్ పెట్టి, దాని చిరునామా ఇవ్వండి.

తెలుగు పీడీఎఫ్‌ల విషయంలో ఒక చిక్కు ఉంది. ఎన్నో ఏళ్లపాటు మన ప్రచురణల్లో చాలావరకు అను వంటి పాత ఫాంట్లలో టైపయ్యాయి, ఇప్పుడు ఫోన్లు, కంప్యూటర్లు వాడే యూనికోడ్ పద్ధతిలో కాదు. ఆ పీడీఎఫ్ కంటికి తెలుగుగా కనబడుతుంది గానీ లోపల ఉన్నవి వేరే అక్షరాలు. అందుకే సెర్చికి దొరకదు, కాపీ చేసి అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ఒడియా, మరాఠీ పాత పీడీఎఫ్‌లదీ ఇదే కథ. అలాంటివాటిని వెతకాలంటే ఫైలు పేరును, పుస్తకం పేరును ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టండి. అందులోంచి ఒక పేరా కావాలంటే ఆ పేజీ ఫొటో తీసి లెన్స్‌తో అక్షరాలు తీసుకోండి. గుణింతాలు, వత్తులు ఒకసారి సరిచూసుకోండి.

ఎక్కడ ఏం దొరుకుతుంది

దీక్ష. 2017 సెప్టెంబరు 5న మొదలైన ఈ జాతీయ వేదికలో దాదాపు రాష్ట్రాలన్నీ తమ తమ పాఠాలు పెడతాయి. యాప్‌లో టీచరుగా చేరి బోర్డు, మాధ్యమం, తరగతి ఎంచుకోవాలి. సరిహద్దు టీచర్లు ఆగిపోయేది ఇక్కడే. ఒడిశానో మహారాష్ట్రో పెట్టుకుంటే తెలుగు పాఠాలు తగినన్ని కనబడవు. ప్రొఫైల్‌లో బోర్డును ఆంధ్రప్రదేశ్‌కో తెలంగాణకో మార్చి, మాధ్యమం తెలుగు పెట్టండి. కావలసినవి దించుకున్నాక మళ్లీ మీ బోర్డుకు వచ్చేయండి. పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేయండి. ముద్రణ అలికిపోయి స్కాన్ కాకపోతే దాని కింద ఉన్న ఆరక్షరాల కోడును వెతికే చోట కొట్టండి, అదే పేజీ తెరుచుకుంటుంది. కోడ్ కొట్టేటప్పుడు సున్నాను, ఇంగ్లిషు 'ఓ'ను జాగ్రత్తగా చూసుకోండి.

పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పుస్తకాలు ఆయా ఎస్‌సీఈఆర్‌టీల (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలుల) సైట్లలో, మహారాష్ట్రవి ఈ-బాలభారతి సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఆంధ్రప్రదేశ్ 2020 నుంచి ఇస్తున్న ద్విభాషా పుస్తకాల్లో ఎడమ పేజీ, కుడి పేజీ ఒకే విషయాన్ని ఇంగ్లిషులో, తెలుగులో చెబుతాయి. మూడు గడుల చీటీలో రెండు గడులు అక్కడే నిండిపోతాయి. పాఠాన్ని తరగతి సంఖ్యను బట్టి కాకుండా విషయాన్ని బట్టి వెతకండి. ఒక రాష్ట్రంలో ఏడో తరగతిలో ఉన్నది ఇంకో రాష్ట్రంలో ఆరులోనో ఎనిమిదిలోనో ఉంటుంది.

స్టోరీవీవర్. ప్రథమ్ బుక్స్ వారు 2015లో తెచ్చిన కథల వేదిక ఇది. సరిహద్దు బడికి దీన్ని మించినది లేదని గట్టిగా చెప్పవచ్చు. ఒకే కథ, ఒకే బొమ్మలు తెలుగులో, ఒడియాలో, మరాఠీలో దొరుకుతాయి. నాలుగు స్థాయిలున్నాయి. ఒకటో స్థాయి కథలో పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. కథ తెరిచాక ఇతర భాషల్లో చదవడానికి ఉన్న జాబితా చూసి, రెండు భాషల పీడీఎఫ్‌లు దించుకోండి. ఎదురెదురుగా ముద్రించి కుట్టండి. ఒకటి రెండు తరగతుల పిల్లలు ముందు తెలుగు పేజీ వింటారు, తర్వాత అదే బొమ్మ దగ్గర ఒడియా వాక్యం మీద వేలు పెట్టి చదువుతారు. కథ ముందే తెలుసు గనుక కొత్త లిపికి భయపడరు. గోండి, సవర, కుయి భాషల్లోనూ కథలున్నాయి. గజపతి, రాయగడ, గడ్చిరోలి బడుల్లో మీ తరగతిలో సగం మందికి తెలుగు కూడా ఇంటి భాష కాకపోవచ్చు, ఆ పిల్లల్ని మరవకండి. పర్లాకిమిడిలో టీచరుగా ఉన్న గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించడానికి పూనుకుని వందేళ్లు దాటింది. ఆ పని చేసిన నేలమీదే ఇప్పుడు మనం పాఠాలు చెబుతున్నాం.

ఫెట్ సిమ్యులేషన్లు. కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన ఈ ఉచిత ప్రాజెక్టులో విద్యుత్ వలయాలు, భిన్నాలు, బలాలు, పరమాణువు మొదలైనవాటిని తెర మీద చేత్తో కదిపి చూడొచ్చు. అనువాదాల పేజీలో మీ భాష ఎంచుకోండి. అన్నీ తెలుగులో ఉండవు, మరాఠీలో ఉన్నా చూడండి. హెచ్‌టీఎంఎల్5 రకం వాటిని ఒకే ఫైలుగా దించుకోవచ్చు. ఆ ఫైలు నెట్ లేకుండా మామూలు బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. జావా రకం పాతవి ఫోన్‌లో పనిచేయవు, వాటి జోలికి పోకండి.

సిగ్నలే అందని ఊళ్లకు పీఎం ఈ-విద్య టీవీ చానళ్లున్నాయి. మొదట పన్నెండుగా ఉన్నవి తర్వాత 200 అయ్యాయి. డీడీ ఫ్రీ డిష్ ద్వారా నెలసరి చందా లేకుండా వస్తాయి. ఉపగ్రహ ప్రసారానికి రాష్ట్రం సరిహద్దు అడ్డు రాదు కాబట్టి తెలుగు పాఠాలు వచ్చే చానళ్లూ పట్టుకోవచ్చు. చానళ్లు కనబడకపోతే సెట్‌టాప్ బాక్సును రీస్కాన్ చేయండి.

ఏఐ చాట్ సాధనాలతో వర్క్‌షీట్లు చేయించుకోవడం ఇప్పుడు అలవాటవుతోంది. ప్రశ్నలు తయారు చేయించుకోండి గానీ జవాబులు మీరే రాయండి. తెలుగు పారిభాషిక పదాలను అవి సొంతంగా పుట్టించి రాస్తుంటాయి. అలాంటి పదం ఒక్కసారి పిల్లల నోట్సులోకి వెళ్తే మళ్లీ తీయడం కష్టం.

చూసి తేల్చుకోవడం

తరగతికి తీసుకెళ్లే ప్రతి వీడియోనూ ముందు మొదటి నుంచి చివరి దాకా చూడండి. వేగం పెంచి చూడొద్దు, పిల్లలు చూసే వేగంతోనే చూడండి. మధ్యలో కాగితం మీద నిమిషం, సెకను వేసుకుంటూ పోవాలి: ఎక్కడ ఆపాలి, ఎక్కడ మన పుస్తకంలో లేని మాట వచ్చింది, ఎక్కడ తప్పు ఉంది. ఎనిమిది నిమిషాల వీడియోలో మనకు కావలసింది సాధారణంగా రెండు మూడు నిమిషాలే ఉంటుంది. అది చాలు.

గణితం, విజ్ఞానశాస్త్రం పొరుగు రాష్ట్రం నుంచి ధైర్యంగా తెచ్చుకోవచ్చు. సాంఘికశాస్త్రం మాత్రం అలా కుదరదు. స్థానిక పాలన పాఠమే చూడండి: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వీడియోల్లో గ్రామపంచాయతీ తర్వాత మండలం వస్తుంది. ఒడిశాలో మండలం ఉండదు, బ్లాకు స్థాయిలో పంచాయతీ సమితి ఉంటుంది. మహారాష్ట్రలో తాలూకా, అక్కడి పంచాయత్ సమితి. తెలుగు వీడియో చూసి పరీక్షలో 'మండలం' అని రాసిన పిల్లకు మార్కులు పోతాయి, తప్పు ఆమెది కాదు. ఇలాంటి పాఠాలకు వీడియో వద్దు. ఊరి సర్పంచిని పిలిపించి అరగంట మాట్లాడించండి, లేదా మీ రాష్ట్రపు సామగ్రినే తెలుగులో మీరు వివరించండి.

అంకెలు కూడా చూసుకోవాలి. మరాఠీ పుస్తకంలో దేవనాగరి అంకెలు, ఒడియా పుస్తకంలో ఒడియా అంకెలు ఉంటాయి. తెలుగు వర్క్‌షీటులో ఉండేవి మామూలు అంకెలు. మూడో తరగతి లోపు పిల్లలకు దించుకున్న వర్క్‌షీటును అలాగే ఇవ్వకండి. అంకెలు బడి పుస్తకంలో ఉన్నట్టు తిరగరాసి ఇవ్వండి, లేకపోతే లెక్క తెలిసినా అంకె దగ్గర ఆగిపోతారు.

యాస గురించి కంగారు పడొద్దు. విజయవాడ మాట గుణుపురం పిల్లకు, సిరోంచ పిల్లవాడికి కొంచెం కొత్తగా ఉన్నా రెండు రోజుల్లో అలవాటవుతుంది. కానీ గబగబా మాట్లాడే వీడియో, వెనక సంగీతం హోరెత్తే వీడియో మాత్రం తీసేయండి.

నెట్ లేని బడికి చేర్చడం

సిగ్నల్ బాగున్న చోట, ఇంటి దగ్గరో బ్లాకు కేంద్రంలోనో, వారానికి ఒకసారి దించుకుని బడికి తీసుకెళ్లే పద్ధతి పెట్టుకోండి. తరగతిలో నెట్ మీద ఆధారపడొద్దు. పది నిమిషాల వీడియో 480పీ నాణ్యతలో సుమారు 30 నుంచి 60 ఎంబీ ఉంటుంది. తరగతి టీవీకి అది సరిపోతుంది, ఇంకా పెద్దది దించి డేటా వృథా చేయకండి. యూట్యూబ్ యాప్‌లో దించుకున్నవి ఆ యాప్‌లోనే తెరుచుకుంటాయి. పెన్ డ్రైవ్‌లోకి రావు, కొన్నాళ్లు నెట్‌కు తగలకపోతే తెరుచుకోవడం మానేస్తాయి కూడా. అందుకే దీక్ష, స్టోరీవీవర్, ఫెట్ వంటి, దించుకోవడానికి అనుమతి ఉన్న చోట్లకే ముందు వెళ్లండి. వికీపీడియా మొత్తాన్ని కివిక్స్ యాప్‌తో ఫోన్‌లో పెట్టుకోవచ్చు. తెలుగు ఫైలు, మీ బడి భాష ఫైలు రెండూ దించుకోండి.

పెన్ డ్రైవ్ టీవీకి పెడితే "ఫైలు లేదు" అని వస్తుందా? ఎక్కువగా కారణాలు మూడు. డ్రైవ్ ఆ టీవీ చదవలేని పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. ఫ్యాట్32లో ఫార్మాట్ చేస్తే పాత టీవీలు కూడా చదువుతాయి, కాకపోతే అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. ఫార్మాట్ చేస్తే ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ముందు కాపీ తీసుకోండి. రెండోది వీడియో రకం: ఎంపీ4 అయితే దాదాపు అన్ని టీవీల్లో ఆడుతుంది. మూడోది ఫైలు పేరు. తెలుగులో పేరు పెడితే కొన్ని టీవీల్లో గడులు గడులుగా కనబడి ఏది ఏదో తెలియదు. ఫైలు పేరు ఇంగ్లిషు అక్షరాల్లో, ముందు తరగతి సంఖ్య, తర్వాత పాఠం సంఖ్య ఉండేలా పెట్టండి. వరుస తప్పదు.

తోటి టీచరుకు వాట్సాప్‌లో వీడియో పంపేటప్పుడు వీడియోగా పంపితే నాణ్యత తగ్గి అక్షరాలు మసకబారతాయి. డాక్యుమెంటుగా జోడించి పంపితే అసలు ఫైలే వెళ్తుంది.

నలభై నిమిషాల పీరియడ్‌లో

ఎనిమిదో తరగతి కణం పాఠం మరాఠీ మాధ్యమంలో చెబుతున్నారనుకుందాం. నల్లబల్ల మీద ముందే మూడు గడులు గీసి తెలుగు గడిలో కణం, కణజాలం, కండరం రాయండి. మిగిలిన గడులు ఖాళీగా ఉంచండి. మొదటి ఐదు నిమిషాలు ప్రశ్న: "ఉల్లిపాయ పొరను బాగా పెద్దది చేసి చూస్తే ఏం కనబడుతుంది?" పిల్లలు ఏ భాషలో చెప్పినా వినండి, అప్పుడే సరిదిద్దకండి.

తర్వాత మూడు నిమిషాల వీడియో ముక్క. ఒకసారి ఆపి, కనబడింది గీయమనండి. రెండోసారి ఆపి, పుస్తకం తెరిపించి అదే బొమ్మ ఏ పేజీలో ఉందో వెతికించండి. బొమ్మ దొరకగానే పక్కన ఉన్న పేరు వాళ్లే చదువుతారు: పేశీ. అప్పుడు వాళ్ల చేతే నల్లబల్ల మీద మరాఠీ గడి నింపించండి: కణం ఎదురుగా పేశీ, కణజాలం ఎదురుగా ఊతీ, కండరం ఎదురుగా స్నాయూ. కండరాన్ని, కణాన్ని ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టడం వల్లనే ఆ తికమక పోతుంది, విడివిడిగా చెబితే పోదు.

మిగిలిన సమయంలో ముందు చేతి పని, చివర పది నిమిషాలు రాత. రాత బడి భాషలో, మాట ఏ భాషలో అయినా సరే. "పేశీ అంటే ఏమిటో మీ ఇంట్లో అమ్మకు తెలుగులో ఎలా చెబుతావు?" అని ఒక ప్రశ్న ఇవ్వండి. ఆ జవాబు వినగానే అర్థమైందో లేదో మీకు తెలిసిపోతుంది.

వీడియోలో ప్రయోగం చూపించాం కదా, తరగతిలో అక్కర్లేదు అనుకోవద్దు. ఆకులో పిండిపదార్థం పరీక్షించే వీడియోలో ఆకు రంగు క్షణాల్లో పోతుంది. నిజంగా చేస్తే పది పదిహేను నిమిషాలు పడుతుంది, ఆ వేచి ఉండడంలోనే పిల్లలు ప్రశ్నలు అడుగుతారు. ఆకును ఒకటి రెండు నిమిషాలు మరిగే నీటిలో వేసి తీయండి. మంట పూర్తిగా ఆర్పేశాక, స్పిరిట్ పోసిన పరీక్షనాళికలో ఆకు వేసి, ఆ నాళికను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టండి. స్పిరిట్‌ను నేరుగా పొయ్యి మీద పెడితే అంటుకుంటుంది. చాలా వీడియోలు ఈ మాట చెప్పవు. ఆకు పాలిపోయాక కడిగి, మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్‌ను నీళ్లతో పలచన చేసి నాలుగు చుక్కలు వేయండి. నీలి నలుపు రంగు వస్తే పిండిపదార్థం ఉన్నట్టు. రంగు రాకపోతే ఎక్కువగా కారణం ఆకును నీడలోంచి కోయడమో, పొద్దున్నే కోయడమో. మధ్యాహ్నం ఎండలో ఉన్న ఆకు తీసుకోండి.

టీవీ లేని బడిలో ఫోన్‌తో చూపించాలంటే ఐదారుగురు పిల్లల గుంపులు చేసి, ఒక గుంపు చూస్తుండగా మిగతావాళ్లు గీసే పనో చదివే పనో చేయాలి. నలభై మందికి ఒక్క ఫోన్ ఎత్తి పట్టుకుంటే ఎవరికీ ఏమీ కనబడదు. బొమ్మ కంటే శబ్దం దగ్గరే ఎక్కువ పాఠాలు చెడతాయి: చిన్న బ్లూటూత్ స్పీకరు కొని, దాన్ని టీవీ పక్కన కాకుండా గది మధ్యలో పెట్టండి. కరెంటు పోతే పాఠం ఆగకుండా వీడియోలోని ముఖ్యమైన రెండు మూడు బొమ్మలను కాగితం మీద గీసి ఉంచుకోండి.

అనుమతుల మాట

కాపీరైట్ చట్టం, 1957లోని 52వ సెక్షను ప్రకారం బోధనలో భాగంగా టీచరు ఇతరుల సామగ్రికి నకలు తీసి వాడుకోవడానికి వీలుంది. దాన్ని యూట్యూబ్‌లో మీ పేరుతో పెట్టడం వేరే సంగతి, అది కుదరదు. స్టోరీవీవర్ కథలను, ఫెట్ సిమ్యులేషన్లను మూలం పేరు చెప్పి పంచుకోవచ్చు, స్టోరీవీవర్ కథలను అనువదించనూవచ్చు. పిల్లల ముఖాలు కనబడే ఫొటోలు, వీడియోలు తల్లిదండ్రులు ఒప్పుకోకుండా ఎక్కడా పెట్టకండి.

ప్రతి పాఠం అయ్యాక ఆ చీటీ వెనక మూడు మాటలు రాసి దాచండి: వీడియోలో ఏ నిమిషం నుంచి ఏ నిమిషం వరకు పనికొచ్చింది, పిల్లలు ఎక్కడ తడబడ్డారు, ఏ పదం దగ్గర ఆగారు. మీ బ్లాకులో నలుగురు టీచర్లు తలో పాఠం పంచుకుని ఇలా చీటీలు రాసుకుంటే, ఏడాది తిరిగేసరికి మీ పుస్తకానికి సరిపడే తెలుగు-ఒడియా లేదా తెలుగు-మరాఠీ పదాల పట్టిక తయారవుతుంది. కొత్తగా వచ్చే టీచరుకు మొదటి రోజే అది చేతికివ్వండి.